ఒక్క మొక్క మీదే ప్రాణం

కడియపులంక నర్సరీల్లో ఒక పూట తిరిగితే ఒక సంగతి తెలిసిపోతుంది. మామిడి అంటు కోసం వచ్చిన మనిషి అంటు కొనుక్కుని నేరుగా బండెక్కడు. మందారాలు పెట్టిన వైపు నడుస్తాడు. ఇంట్లో అప్పటికే ఎన్నో రకాలుంటాయి. అయినా ముద్దమందారంలో కొత్త రంగు కనిపిస్తే అది కూడా బండెక్కాల్సిందే. ఒకరికి గులాబీలు, ఇంకొకరికి క్రోటన్లు, మరొకరికి తామరలు. తోటలో వంద మొక్కలున్నా పొద్దున్నే చెయ్యి ముందుగా వెళ్లేది ఆ ఒక్క జాతి మీదకే. చూసేవాళ్లకు ఇదేం పిచ్చి అనిపించొచ్చు. నాకు మాత్రం, ఎన్నో పూలూ పళ్లూ మన దాకా వచ్చింది ఇలాంటివాళ్ల వల్లేనని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలు చైనా నుంచి ఉద్దానం దాకా దొరుకుతాయి.

చెట్టే ఇల్లాలు

చైనాలో సాంగ్ రాజుల కాలంలో లిన్ బు (967–1028) అనే కవి ఉండేవాడు. హాంగ్‌జౌ దగ్గరి వెస్ట్ లేక్ సరస్సులో గుషాన్ అనే చిన్న దీవి మీద కాపురం. కొలువుకు వెళ్లలేదు, పెళ్లి చేసుకోలేదు. మెయ్ చెట్లు పెంచాడు, సారస పక్షుల్ని సాకాడు. మెయ్ అంటే ఆప్రికాట్‌కు దగ్గరి చుట్టం. చలి ఇంకా పోకముందే, ఆకు లేని కొమ్మల మీద పూస్తుంది. చెట్టే ఆయన భార్య, పక్షులే పిల్లలు అని జనం చెప్పుకున్నారు. వెయ్యేళ్లు గడిచినా చైనాలో ఆ మాట ఇంకా వాడుకలో ఉంది.

గులాబీకి కప్పిన దుప్పటి

1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్‌ను బాగా ఆకట్టుకున్న వాటిలో గులాబీలు ఒకటి. ఊళ్లో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారనీ, ఇక్కడివాళ్లకు తిండి ఎంత అవసరమో గులాబీలూ అంతే అవసరమనీ రాసుకున్నాడు.

ఇంగ్లండ్‌లో రెనాల్డ్స్ హోల్ అనే ఫాదరీ ఉండేవాడు. 1858లో ఆ దేశపు మొదటి జాతీయ గులాబీ ప్రదర్శన జరిగింది ఈయన పూనికతోనే. ఒకసారి నాటింగ్‌హామ్ నుంచి కొందరు కార్మికులు ఉత్తరం రాశారు. ఈస్టర్ సోమవారం మా గులాబీల పోటీ ఉంది, మీరు వచ్చి న్యాయనిర్ణయం చేయాలని. ఏప్రిల్ నెలలో ఇంగ్లండ్‌లో గులాబీలేమిటని ఆయన ముందు నమ్మలేదు. వెళ్లి చూస్తే నిజంగానే అద్భుతమైన పూలు! పగలంతా పనికి పోయే మనుషులు ఊరి చివర చిన్న చిన్న జాగాల్లో, చేతనైనంతలో కట్టుకున్న అద్దాల గదుల్లో పెంచినవి. గట్టి చలి రాత్రుల్లో ఒక ఇంట్లో మంచం మీది దుప్పట్లు తీసుకెళ్లి గులాబీలకు కప్పారని కూడా ఆయనకు తెలిసింది. 1869లో వేసిన తన గులాబీల పుస్తకంలో ఈ ముచ్చటను ఎంతో ప్రేమగా రాశాడు. గులాబీల గురించి రాజుల కథలూ రాణుల కథలూ చాలానే ఉన్నాయి గానీ, నాకు వాటన్నిటికన్నా ఆ దుప్పటి కథే గొప్పది.

పగలు గోధుమ, సాయంత్రం గులాబీ

మన దేశంలో గులాబీ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లలో ముందు చెప్పాల్సింది బెంజమిన్ పియరీ పాల్ (1906–1989) గురించి. వృత్తిరీత్యా గోధుమ శాస్త్రవేత్త. కుంకుమ తెగులును తట్టుకునే ఎన్‌పి 809 అనే గోధుమ రకం ఆయన కృషే. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఇంత బరువు మోస్తూనే వందకు పైగా కొత్త గులాబీ రకాలు సృష్టించారు. 'రోజ్ షర్బత్', 'ఢిల్లీ ప్రిన్సెస్' ఆయనవే. గోధుమలో ఒక వెన్ను పుప్పొడిని ఇంకో వెన్నుకు అంటించే చెయ్యే గులాబీల మీదా పనిచేసింది. మన ఎండకు తట్టుకునే గులాబీ మన దగ్గరే పుట్టాలన్నది ఆయన పట్టుదల.

ఆ పట్టుదలను ఇంకా ముందుకు తీసుకెళ్లినవారు వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, గులాబీల కోసం ముందుగానే ఉద్యోగం వదులుకుని కొడైకెనాల్ వెళ్లి స్థిరపడ్డారు. చలిదేశాల గులాబీలతో కుస్తీ పట్టే బదులు ఆయన, భార్య గిరిజ మన దేశపు అడవి గులాబీలను వెతుక్కున్నారు. ఒకటి మణిపూర్ కొండల్లో చెట్ల మీదకి ఎగబాకే రోసా జైగాంటియా. రెండోది బీహార్, బెంగాల్ నదీతీరాల్లో నీళ్లు నిలిచినా చావని రోసా క్లైనోఫిల్లా. ఎండను, తడిని ఓర్చుకునే ఈ రెండింటి గుణాన్నీ తోట గులాబీల్లోకి తేవాలని దశాబ్దాల తరబడి సంకరాలు చేశారు. వాళ్ల గులాబీల్లో ఒకదానికి వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు పెట్టారు.

చండీగఢ్‌లో 30 ఎకరాల గులాబీ తోటకు జాకిర్ హుస్సేన్ పేరు పెట్టడం వెనక కూడా కారణముంది. రాష్ట్రపతిగా ఉన్న ఆ పెద్దమనిషికి గులాబీలంటే ఎంతో ఇష్టం. 1897లో ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే.

ఆర్కిడ్ల దొర, అరటి గెల

డెవన్‌షైర్ ఆరో డ్యూక్ విలియం కావెండిష్. 1833లో లండన్ ప్రదర్శనలో సీతాకోకలా రెక్కలు విప్పిన ఒక ఆర్కిడ్‌ను చూశాడు. అక్కడితో అయిపోయింది. చాట్స్‌వర్త్‌లోని తన ఎస్టేటులో అద్దాల గదులు కట్టించి ఆర్కిడ్లు నింపాడు. అది చాలక 1835లో జాన్ గిబ్సన్ అనే యువ తోటమాలిని మన దేశానికి పంపాడు. గిబ్సన్ ఖాసీ కొండల్లో తిరిగి, ఇంగ్లండ్ ఎన్నడూ చూడని ఆర్కిడ్లను పదుల సంఖ్యలో ఓడెక్కించాడు.

ఆర్కిడ్ల కోసం కట్టిన ఆ వెచ్చటి గదుల పుణ్యాన ఇంకో మొక్క కూడా అక్కడ బతికింది. అది పొట్టి అరటి. మూలం చైనా దక్షిణ ప్రాంతం. మారిషస్ మీదుగా ఇంగ్లండ్ చేరింది. ప్రధాన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ దాన్ని సాకి గెల వేయించి, 1836లో హార్టికల్చరల్ సొసైటీ పతకం కొట్టాడు. దానికి యజమాని ఇంటిపేరే పెట్టారు. 1950ల్లో పనామా తెగులు అప్పటి ఎగుమతి రకం గ్రోస్ మిషెల్‌ను తుడిచిపెట్టేసినప్పుడు, తెగులును తట్టుకుని నిలబడింది కావెండిష్ జాతే. గోదావరి జిల్లాల పొట్టి పచ్చ అరటి ఆ జాతిదే. అనంతపురం, కడప జిల్లాల నుంచి లారీలెక్కి పోతున్న గ్రాండ్ నైన్ గెలలూ ఆ జాతివే. బజారులో డజను అరటిపళ్లు బేరమాడినప్పుడల్లా మనకు తెలియకుండానే ఆ ఆర్కిడ్ల దొర ఇంటి గడప తొక్కి వస్తున్నట్టే.

తెల్ల అంచున్న ఒకే ఒక్క పువ్వు

1880 ప్రాంతంలో లండన్ పక్కన షర్లీ అనే ఊళ్లో విలియం విల్క్స్ అనే ఫాదరీ తన పెరటి మూల, పొలం గట్టున మొలిచిన ఎర్ర గసగసాల మొక్కలు చూస్తున్నాడు. అడవి జాతి. వేల పూలు ఒకేలా ఎర్రగా ఉంటాయి. వాటిలో ఒక్క పువ్వుకు మాత్రం రెక్కల చివర సన్నటి తెల్ల అంచు ఉంది. దానికి గుర్తు పెట్టాడు. కాయ పండాక ఆ గింజలే దాచి మరుసటేడు చల్లాడు. వచ్చిన రెండొందల మొక్కల్లో అంచున్నవి నాలుగో ఐదో. వాటిలో మంచివి ఉంచి మళ్లీ చల్లాడు. ఇలా ఏళ్ల తరబడి. చివరకు తెలుపు, గులాబి, నారింజ ఛాయల్లో, మధ్యలో నల్ల మచ్చ లేకుండా షర్లీ పాపీలు తయారయ్యాయి. ఈనాడు ప్రపంచమంతా చలికాలపు పూలమళ్లలో చల్లే ఆ రకం గింజలకు తల్లి ఆ ఒక్క పువ్వే.

ఆ రోజు ఆ గట్టు మీద ఎంతమంది నడిచి ఉంటారో! అంచును చూసింది ఒకే ఒక్కడు. ఒక మొక్కను ఏళ్ల తరబడి చూసిన కంటికే ఇలాంటి తేడా పట్టుబడుతుంది.

అమెరికాలో లూథర్ బర్బాంక్‌దీ ఇదే పద్ధతి. తళతళలాడే తెల్లటి డెయిజీ కావాలని 17 ఏళ్లు నాలుగు జాతులను కలుపుతూ పోయి 1901లో శాస్తా డెయిజీని బయటికి తెచ్చాడు. పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ'ను అంకితమిచ్చింది ఈ తోటమాలికే.

కలువల కోసం ఊరితో తగువు

చిత్రకారుడు క్లాడ్ మోనే 1883లో ఫ్రాన్స్‌లోని జివెర్నీ అనే పల్లెలో ఇల్లు తీసుకున్నాడు. పదేళ్లకు పక్కనున్న జాగా కొని, ఏటి నీళ్లు మళ్లించి చెరువు తవ్విస్తానన్నాడు. ఊరి రైతులు ఒప్పుకోలేదు. ఈయన తెచ్చే విదేశీ మొక్కలు నీళ్లను పాడు చేస్తాయని, పశువులు తాగేదెలాగని భయం. మోనే పై అధికారికి అర్జీ పెట్టి మరీ అనుమతి సాధించాడు.

అప్పటిదాకా యూరప్ చలికి తట్టుకునే కలువలంటే చాలావరకు తెల్లవే. లాటూర్ మార్లియాక్ అనే నర్సరీ యజమాని వాటిని వేడిదేశాల కలువలతో కలిపి పసుపు, గులాబి, ఎరుపు రంగులు తెప్పించి 1889 పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. మోనే చెరువులోకి వచ్చినవి ఆ నర్సరీ కలువలే. ఆకుల మీద దుమ్ము పడితే కడగడానికి, ఎండినవి తీసేయడానికి పడవ మీద తిరిగే తోటమాలి ప్రత్యేకంగా ఉండేవాడు. మోనే దాదాపు 250 కలువ చిత్రాలు గీశాడు. కళ్లకు శుక్లాలు కమ్మినా ఆపలేదు. 1923లో ఆపరేషన్ చేయించుకుని మళ్లీ ఆ కలువల దగ్గరికే వచ్చాడు.

లక్షా ఎనభై వేల గడ్డ

స్నోడ్రాప్ అని చిన్న తెల్లపువ్వు. వెల్లుల్లి రెబ్బంత గడ్డ నుంచి జానెడు ఎత్తు మొలిచి, తల దించుకుని పూస్తుంది. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. దగ్గరగా మోకాళ్ల మీద కూర్చుని చూసేవాళ్లకే లోపలి రెక్క మీది పచ్చ మచ్చ ఎలా ఉందో, పసుపు జాడ ఏమైనా ఉందో తెలుస్తుంది. 2022లో 'గోల్డెన్ టియర్స్' అనే రకం గడ్డ ఒక్కటి వేలంలో 1,850 పౌండ్లు పలికింది. మన రూపాయల్లో లక్షా ఎనభై వేలకు పైనే.

ఈ పూల మీద మమకారాన్ని ఊరూరా అంటించినవాళ్లలో ఇ. ఎ. బోల్స్ (1865–1954) ఒకడు. ఎన్‌ఫీల్డ్‌లోని తన మిడిల్టన్ హౌస్ తోటలో క్రోకస్‌లు, స్నోడ్రాప్‌లు పెంచాడు. 1924లో క్రోకస్‌ల మీద వేసిన పుస్తకానికి బొమ్మలూ తనే గీశాడు. వంకర కొమ్మల హేజెల్ లాంటి, లోకం వద్దన్న వింత మొక్కలకు తోటలో ప్రత్యేకంగా ఒక మూల కేటాయించాడు.

బ్రిటన్‌లో ఇలాంటివాళ్ల ఇష్టాన్ని ఒక పద్ధతిలో పెట్టారు కూడా. 1978 నుంచి అక్కడ జాతీయ సేకరణల పథకం నడుస్తోంది. ఎవరికి ఏ జాతి ఇష్టమో దాని రకాలన్నీ సేకరించి, పేర్లు రాసి, చచ్చిపోకుండా చూసుకునే పూచీ తీసుకుంటారు. వాళ్లలో పెద్ద తోటలున్న సంస్థలే కాదు, ఇంటి వెనక చిన్న జాగా ఉన్న మామూలు మనుషులూ ఉన్నారు. మన నూజివీడు వైపు రసాల రకాలకు, పెరటి మందారాలకు ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంటే ఎంత బాగుండునో!

రెండు వేల ఏళ్ల తామరగింజ

జపాన్ వృక్షశాస్త్రవేత్త ఇచిరో ఓగా బతుకంతా తామరల మీదే గడిపాడు. 1951లో చిబా దగ్గర తవ్వకాల్లో, పాత చెరువు అడుగు బురద పొరల్లో మూడు తామరగింజలు దొరికాయి. వాటి వయసు దాదాపు రెండు వేల ఏళ్లని అంచనా. మూడింటిలో నిలిచింది ఒక్కటే. 1952 జులైలో అది లేత గులాబి రంగులో పూసింది. దాని దుంపలు పంచుకుంటూ పోతే ఇప్పుడు ఎన్నో దేశాల చెరువుల్లో ఓగా తామర పూస్తోంది. తామరగింజ పైపెంకు అంత గట్టిది. మన దగ్గరా తామరగింజ నాటేవాళ్లు దాన్ని గరుకు బండ మీద అరగదీసి నీళ్లలో వేస్తారు. లేకపోతే లోపలికి నీరు దిగదు, మొలక రాదు.

ఆరు తరాల చేతుల్లో

1976లో జపాన్ అమెరికాకు 53 బోన్సాయ్‌లు కానుకగా ఇచ్చింది. వాటిలో ఒక తెల్ల పైన్ చెట్టు మసారు యమాకీ అనే బోన్సాయ్ నిపుణుడు ఇచ్చినది. వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో పాతికేళ్లు మిగతావాటిలో ఒకటిగా ఉండిపోయింది. 2001లో యమాకీ మనవళ్లిద్దరు ఆ చెట్టును చూడటానికి వచ్చి, దాని కథ చెప్పారు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆ చెట్టు అక్కడే ఉంది. బాంబు పడిన చోటికి వాళ్ల ఇల్లు మూడు కిలోమీటర్ల దూరమైనా లేదు. ఇంటి అద్దాలన్నీ పగిలాయి. ఎత్తయిన ప్రహరీ అడ్డుండటంతో గోడ పక్క బల్ల మీది బోన్సాయ్‌లు బతికిపోయాయి.

ఆ చెట్టును తీర్చిదిద్దే పని 1625లో మొదలైంది. ఆ కుటుంబంలో తరం తర్వాత తరం దానికి నీళ్లు పోసి, వేళ్లు కత్తిరించి, సూదుల్లాంటి ఆకులు ఏరి కాపాడుకున్నారు. అంత చెట్టును, తమ ఊరిని కాల్చిన దేశానికే కానుకగా ఇచ్చాడు యమాకీ. ఇస్తూ బాంబు సంగతి ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఈ కథ చదివిన ప్రతిసారీ నేను కాసేపు ఇంకేమీ చదవలేను.

లండన్ క్యూ గార్డెన్స్‌లో ఇంకో వృద్ధురాలుంది. 1775లో ఫ్రాన్సిస్ మాసన్ దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన సైకాడ్. అన్నేళ్లుగా కుండీలోనే ఉంది. తోటమాలులు మారారు, కుండీలు మారాయి. క్యూలో అది కోను వేసింది ఒకే ఒక్కసారి, 1819లో.

ఒకే చెట్టు, మూడొందల మామిళ్లు

లక్నో దగ్గరి మలీహాబాద్‌లో కలీముల్లా ఖాన్‌ను మామిడి మనిషి అంటారు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. 1957లో ఒక చెట్టుకు ఏడు రకాలు అంటుకట్టారు. వరద ఆ చెట్టును తినేసింది. ఆశ వదలకుండా 1987 నుంచి ఒక పాత చెట్టు మీద మళ్లీ మొదలుపెట్టి మూడొందలకు పైగా రకాలు ఎక్కించారు. ఒక కొమ్మ ఆకు వెడల్పు, పక్క కొమ్మ ఆకు సన్నం. కాయలూ అంతే, ఒకటి గుండ్రం, ఒకటి కోల. 2008లో పద్మశ్రీ వచ్చింది. కొత్త రకాలకు సచిన్, ఐశ్వర్య పేర్లు పెట్టారు.

మన మామిళ్లలో దాదాపు అన్నిటికీ టెంక నాటితే తల్లి గుణం రాదు. బంగినపల్లి టెంక వేస్తే వచ్చేది బంగినపల్లి కాదు. అంటే 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిన మన బంగినపల్లి తోటలన్నీ ఎన్నడో ఎవరికో నచ్చిన ఒక చెట్టు కొమ్మలే. చిన్నరసం, పెద్దరసం, సువర్ణరేఖ, పంచదార కలశ, కొత్తపల్లి కొబ్బరి ఏదైనా అంతే. అంటు కట్టే చెయ్యి ఒక్క తరం ఆగితే, ఉన్న చెట్లు ముసలివై పోయాక ఆ రకం మళ్లీ రాదు.

గుండుమల్లెదీ అదే దారి. రెక్కలు ముద్దగా ఉండే ఆ పువ్వు మన తోటల్లో గింజ కట్టడం అరుదు, అందుకే కొమ్మ నాటో నేల అంటు తొక్కో పెంచుతాం. మల్లె మీద మక్కువ ఉన్నవాళ్లకు ఇంకో రహస్యం తెలుసు. నవంబరు, డిసెంబరుల్లో నీళ్లు ఆపేసి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తారు. చూడటానికి పుల్లలు మిగులుతాయి. తర్వాత పెంట ఎరువు వేసి నీళ్లు పెడితే మార్చి నాటికి మొగ్గ విరగబడుతుంది. కోతప్పుడు కూడా చూపు కావాలి. ఆ సాయంత్రం విచ్చే మొగ్గ తెల్లగా, నిండుగా ఉంటుంది. రేపటిది ఇంకా లేత ఆకుపచ్చ. తెల్లవారుజాము చీకట్లోనే ఈ తేడా పట్టి, రేపటిదాన్ని చెట్టునే వదిలేస్తారు.

ఉద్దానం కన్నీళ్లు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా తీరం దాటింది. ఉద్దానం పల్లెల్లో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. అక్కడ కొబ్బరిచెట్టు కన్నకొడుకుతో సమానం. ఆ దుఃఖం ఎందుకంత లోతైనదో చెట్టు తీరు తెలిస్తే అర్థమవుతుంది. కొబ్బరికి పెరిగే మొవ్వ ఒక్కటే, అదీ తల మీదే. వేప కొట్టేసినా చిగురిస్తుంది. కొబ్బరి తల విరిగితే ఇక అంతే. మళ్లీ మొక్క నాటితే దేశవాళీ రకం కాపుకు రావడానికి ఆరేడేళ్లు. అయినా పడిన చెట్ల మధ్యే మళ్లీ కొబ్బరి మొక్కలే పెట్టుకున్నారు.

కరివేపాకు కాపలా

అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో కుండీలోని కరివేపాకుకు దక్కే మర్యాద చూసి తీరాలి. మంచు పడకముందే ఇంట్లోకి తెస్తారు, కిటికీ పక్కన పెడతారు, వెలుతురు చాలకపోతే దీపం పెడతారు. అయినా ఆ మొక్కను ఇష్టమొచ్చినట్టు ఊళ్లు దాటించడానికి లేదు. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబంలోది. నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే సిల్లిడ్ పురుగు దీని మీదా చేరుతుంది. అందుకే కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి చోట్ల క్వారంటైన్ ప్రాంతం నుంచి మొక్క బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి.

గింజతో పెంచాలనుకునేవాళ్లకు ఒక మాట. బాగా పండి నల్లబడిన కాయనే కోయాలి. గుజ్జు తీసేసి వెంటనే మట్టిలో పెట్టాలి. ఎండబెట్టి డబ్బాలో దాచిన కరివేపాకు గింజ మొలవదు.